బర్‌స్టన్ సమ్మె బడి

ఆంగ్లదేశపు తూర్పుభాగమున, నార్‌ఫోక్ మండలములో, డిస్ అను చిన్న పట్టణమునకు ఇంచుమించు మూడు మైళ్ల దూరమున బర్‌స్టన్ అను పల్లె యొకటి కలదు. ఒక పాత చర్చి, దాని చెంతనే పచ్చికబయలు, చుట్టును పలుచగా చెదరిన ఇండ్లు, వాని కావల కోతలు ముగిసి మోళ్లు మిగిలిన చేలు, ఇంతే ఆ యూరు. ఇట్టి పల్లెలు ఆ మండలములో కొల్లలుగా నున్నవి గనుక దారిన పోవువాడు దీనికొఱకై బండి నిలుపడు. అయినను ఏటేట సెప్టెంబరు మాసపు తొలి ఆదివారమున కార్మికసంఘముల వారు, వారిలో ఉపాధ్యాయులు మఱింత విరివిగా, తమ తమ పతాకములు భుజములపై మోసికొని ఇచటికి వచ్చి, బాజాలతో ఊరి చుట్టును ఊరేగి, పచ్చికపై కూలబడి ఉపన్యాసములు విని పోవుచుందురు. 1984 నుండి ఈ యుత్సవము జరుగుచున్నది. ఆ పచ్చికబయలు అంచున నున్న చిన్న బడియే దీనికి కారణము. దానిని వారు సమ్మె బడి యందురు.

జిల్లాపరిషత్తు ఉన్నత పాఠశాలలలో సాంఘికశాస్త్రము బోధించి విశ్రాంతి పుచ్చుకొన్న నాకు, నారిచ్ నగరములో లెక్కల ఉపాధ్యాయినిగా నున్న మా మేనకోడలి యింట కొంతకాల ముండెడి అవకాశము కలిగినది. ఒకనాటి సాయంకాలము ఆమె, "మావయ్యా, మీ యూనియన్ కబుర్లు ఇక్కడ వినేవాళ్లు లేరని బెంగ పెట్టుకోకండి. మీకు సరిపడే తిరునాళ్ల ఒకటుంది, ఆదివారం తీసుకెళ్తాను" అన్నది. అన్నట్లే తీసికొనిపోయినది.

ఉపాధ్యాయుడు జీతము కొఱకు, వసతుల కొఱకు సమ్మె కట్టవచ్చునా యను ప్రశ్న మా తరమువారికి క్రొత్తది కాదు. బతకలేక బడిపంతులని లోకము ఎగతాళి చేసిన కాలమును మా పెద్దలు అనుభవించిరి. ఆ యెగతాళి తగ్గుటకు కారణము లోకమునకు కలిగిన దయ కాదనియు, సంఘములు కట్టి, ధర్నాలు చేసి, జైళ్లకు పోయి తెచ్చుకొన్న వేతనశ్రేణులే యనియు మేము ఎఱుగుదుము. అయినను సెప్టెంబరు 5వ తేదీన మెడలో దండ వేసి శాలువ కప్పు చేతులే, వేతన సవరణ సంఘము నివేదిక వెలువడిన నాడు "పంతుళ్లకు ఇంకెంత కావాలట?" అని పత్రికను మడిచి బల్లమీద పడవేయుట నేను కన్నులార చూచితిని. గురువని పూజించుటయు, కూలి అడిగినచో కోపించుటయు ఒకే మనస్సున నుండుట వింతయే గాని మనదేశమునకే చెల్లిన వింత కాదని బర్‌స్టన్ చేరిన పిమ్మట తెలిసినది.

బడి చిన్నది. మేడ లేదు, గోపురము లేదు. ఒక్క పెద్ద గది, దానికి ఎత్తైన కిటికీలు. అయితే ముఖభాగము మాత్రము చూడదగినది. గోడలో పొదిగిన రాతిపలకలపై దాతల పేర్లు చెక్కబడి యున్నవి. మన గుళ్లలో మెట్టు మెట్టుకు నూటపదహార్లు సమర్పించిన వారి పేర్లు చెక్కించునట్లే యున్నది గాని, ఇచట ధనికుల పేర్లు అరుదు. ఫలాన ఊరి రైల్వే కార్మికుల శాఖ, ఫలాన గని కార్మికుల శాఖ, ఫలాన పట్టణపు స్వతంత్ర లేబరు పార్టీ శాఖ, ఇట్లు ఊళ్ల పేర్లే గోడ నిండ వరుసగా నున్నవి. కొన్ని పలకలు వానకు మంచుకు అరిగి, అక్షరములను కంటితో గాక వ్రేలితో తడవి చదువవలసినట్లున్నవి. నేనట్లు తడవి చదువుచుండగా మా వెనుక జనము చేరి, వారును తమ తమ ఊళ్ల పేర్లు వెదకికొనుచుండిరి. ఒక వృద్ధుడు తన ఊరి రైల్వే శాఖ పలక దొరకగానే మనుమని చేయి పట్టి దానిపై ఆనించెను. ఈ గోడ లేచుటకు ముందు జరిగిన కథ నంతయు లోపలి అద్దపు పెట్టెలలోని పటములు, ఉత్తరములు చెప్పుచున్నవి.

ఆనీ కేథరిన్ హిగ్డన్, ఊరివారికి కిట్టీ, ప్రధానోపాధ్యాయిని. ఆమె భర్త టామ్ హిగ్డన్ సహాయోపాధ్యాయుడు. 1911లో వీరిరువురును బర్‌స్టన్ ప్రభుత్వ పాఠశాలకు వచ్చిరి. అంతకుముందు వారు పనిచేసిన వుడ్ డాలింగ్ అను ఊరిలో, పాఠశాల నిర్వాహకులు భూస్వాములైన రైతులే యగుటచే, బడి వేళలలో పిల్లలను పొలము పనులకు లాగికొనిపోవుట పరిపాటిగా నుండెను; దంపతులు దాని నెదిరించిరి. అంతటితో ఆగక టామ్ వ్యవసాయ కూలీలను కూడగట్టి సంఘము కట్టించు పనికి పూనుకొనెను. పిల్లవాడు పొలములో పనిచేయుటకు తండ్రి కూలి చాలకపోవుటయే మూలమని గ్రహించిన పంతులు, హాజరుపట్టీలో గైరుహాజరు గీతలు గీయుచు కూర్చుండక, ఆ మూలము మీదనే దెబ్బ తీయ యత్నించెను. నిర్వాహకులకు ఇది సహింపరాని దగుటచే వివాదము ముదిరి దంపతులను బర్‌స్టన్‌కు బదిలీ చేసిరి. ఇచటను ఆయన తన అలవాటు మానలేదు.

అదే సంవత్సరమున చార్లెస్ టక్కర్ ఈలండ్ అను క్రొత్త మతాచార్యుడు ఊరి చర్చికి వచ్చెను. పాఠశాల నిర్వాహకవర్గమునకు అధ్యక్షత వహించినవాడును ఆయనయే. ఆయన వార్షికాదాయము 581 పౌండ్లు. అదిగాక నివాసభవనము, చర్చి మాన్యము. ఊరి కూలీ సంవత్సరమంతయు దున్ని, చల్లి, కోసి గడించునది సుమారు 35 పౌండ్లు. 1913లో గ్రామమండలి ఎన్నికలు జరిగినపుడు టామ్ హిగ్డన్ అందఱికంటె హెచ్చు ఓట్లతో గెలిచెను, ఆయనతోడ కూలీలు గెలిచిరి, మతాచార్యుడు ఓడెను. బడి పంతులు కూలీలను వెంట బెట్టుకొని పోయి దొరగారిని ఓడించుట ఏ దేశమున నైనను మఱచిపోదగిన అపరాధము కాదు గదా!

తరువాతి కథ ఊహింపదగినదే. నేరారోపణలు పుట్టినవి. వానిలో ఒకటి చదివి నేను అద్దపు పెట్టె యెదుట చాలసేపు నిలిచిపోయితిని. పాఠశాల తేమగా, చలిగా నుండెడిదట. ఒక వానప్రొద్దున దూరమునుండి నడచి వచ్చిన పిల్లల బట్టలు తడిసి ముద్దలైనందున, వానిని ఆరబెట్టుటకై కిట్టీ హిగ్డన్ నిర్వాహకుల అనుమతి పొందకయే బడిలో నిప్పు రాజేసెను. ఇది నేరము. నిర్వాహకులయెడ మర్యాద లేకుండ ప్రవర్తించెననుట మఱియొక నేరము. ఇద్దఱు అనాథ బాలికలను కొట్టెననునది మూడవది. దీనిని ఆమె ఖండించెను, ఊరివారు నమ్మరైరి, విచారణసంఘము మాత్రము నమ్మినది. 1914 మార్చి నెలాఖరున దంపతులకు మూడు నెలల జీతము చేతిలో పెట్టి, బడి యిల్లు ఖాళీ చేసి పొమ్మనిరి.

జీతము విషయ మిచట ఎవరును ఎత్తలేదని గమనింపవలెను. కిట్టీ హిగ్డన్ అడిగినది పొడిగా నుండు గది, వేడి, వెలుతురు, బడివేళకు బడిలో నుండు పిల్లలు. వేతనము స్వార్థమనియు వసతులు పరార్థమనియు రెంటిని వేఱు చేసి, వసతులకై సమ్మె చేసిన మెచ్చుకొందుము, జీతముకై చేసిన మెచ్చుకొనము అనువారు మనలో కలరు. నా యనుభవములో ఈ విభజన నిలువలేదు. ఇంటి అద్దెకు చాలని జీతము పుచ్చుకొను వాలంటీరు పంతులు మధ్యాహ్నము దాటినంతనే ట్యూషను ఇంటికి పరుగు తీయుట నేను చూచితిని. కురియు కప్పు వలెనే అదియును పిల్లవాని నెత్తిమీదనే పడుచున్నది.

1914 ఏప్రిల్ 1వ తేదీన, బడిలోని 72 మంది పిల్లలలో 66 మంది బడికి పోక, మెడలో అట్టలు వ్రేలాడదీసికొని, జెండాలు పట్టుకొని వీధిని పడిరి. తమ టీచర్లు తమకు మరల కావలెనని ఆ యట్టలపై వ్రాసియుండెను. ముందు నడచినది వయొలెట్ పాటర్ అను పదమూడేండ్ల పిల్ల. లోపలి పటములో ఆ పిల్లలు బారులు తీరి యున్నారు. బాలికలు తెల్లని పైగౌనులతో, బాలురు టోపీలతో, ఒకడు మాత్రము కెమెరా వంక గాక ప్రక్కవాని జెండా వంక ఈర్ష్యతో చూచుచు కనబడుచున్నాడు. ఆ దినము వారు తిరిగిన త్రోవను ఊరివారు కొవ్వొత్తి స్తంభము చుట్టు అందురు. నేటికిని ఊరేగింపు ఆ త్రోవనే సాగును. మేమును నడచితిమి. ఎండ మృదువుగా నున్నను త్రోవ నాకు సుదీర్ఘముగనే తోచినది. మా ముందు ఉపాధ్యాయసంఘపు పతాకమును మోయువారు గాలికి తూలుచు, నవ్వుచు, మాటిమాటికి చేతులు మార్చుకొనుచుండిరి.

పిల్లలను బడికి పంపలేదను నేరముపై తల్లిదండ్రులను న్యాయస్థానమునకు ఈడ్చి, తలకు రెండున్నర షిల్లింగుల వంతున జరిమానా విధించిరి. పచ్చికబయలున జోలె పట్టి ఆ మొత్తమును ఊరివారే చెల్లించిరి. చర్చి మాన్యమును కౌలుకు చేయువారిలో సమ్మెకు అండగా నిలిచిన వారి చెక్కలు ఊడబెఱికిరి. అయినను పిల్లలు వెనుదిరుగలేదు. హిగ్డన్ దంపతులు తొలుత పచ్చికపైననే పాఠములు చెప్పిరి; తరువాత వడ్రంగి తన పని కొట్టమును ఇచ్చెను. పిల్లలు ఏదో ఒక బడిలో చదువుచునే యున్నారు గనుక జరిమానాలు క్రమముగా ఆగిపోయినవి. దేశములోని కార్మికసంఘములు పంపిన చందాలతో, 1917 మే 13వ తేదీన, ఈ రాతిపలకల బడి తెఱువబడెను. తలుపు తెఱచినది వయొలెట్ పాటరే. ఆ బడి ఇరువదిరెండేండ్లు నడచినది. 1939లో టామ్ హిగ్డన్ మరణించెను. వృద్ధురాలైన కిట్టీ ఒంటరిగా నడుపలేకపోయెను. మిగిలిన పదునొకండ్రు పిల్లలు ప్రభుత్వపు బడికి పోయిరి. ఆమె 1946లో పోయినది. ఇరువురి సమాధులును ప్రక్కనున్న చర్చి ఆవరణలోనే యున్నవి. వారితో పోరిన మతాచార్యుడు 1920లోనే ఊరు విడిచెను.

ఊరేగింపు ముగిసి, పచ్చికపై దుప్పటి పఱచుకొని మేము తెచ్చుకొన్న పులిహోర తినుచుండగా, నా మనస్సులోని మాటను మేనకోడలితో నంటిని. "చూచితివా అమ్మాయ్, వీళ్లు సమ్మె కట్టియు పాఠము ఒక్కదినము మానలేదు. పంతుళ్ల సమ్మె అనగా ఇట్లుండవలె."

ఆమె తినుట ఆపి, "మావయ్యా, మీరు తప్పు లెక్క వేస్తున్నారు. ఇక్కడ సమ్మె చేసింది పంతుళ్లు కాదు, పిల్లలు. పంతుళ్లని ముందే ఉద్యోగంలోంచి తీసేశారు. ఇంక మానేయడానికి వాళ్ల దగ్గర ఏముంది?" అన్నది.

లెక్కల పంతులమ్మ గదా, ఆమె మాటలో వాస్తవ మున్నది. సమ్మె బడి యను పేరు నూఱేండ్లుగా లోకము వాడుచున్నను, సమ్మె కట్టిన ఉపాధ్యాయుడు ఈ కథలో ఒక్కడును లేడు. మేనకోడలి ఉపాధ్యాయసంఘము మాత్రము 2023 ఫిబ్రవరి 1 మొదలు కొన్ని దినములు ఇంగ్లండు అంతటను సమ్మె చేసినది. ఆ దేశపు 2016 చట్టము ప్రకారము అప్పుడు సభ్యులలో సగముమందియైన ఓటు వేయవలసియుండెను, యాజమాన్యమునకు ముందుగా నోటీసు ఇయ్యవలసియుండెను; సమ్మె చేసిన దినమునకు జీతము కోత. ఆ షరతులన్నియు తీర్చి చేసిరి. జూలైలో ప్రభుత్వము 6.5 శాతము పెంపునకు అంగీకరించిన పిమ్మట వివాదము ముగిసినది. "సమ్మె రోజున పిల్లలకి ఇంటిపని కూడా పంపలేదు మేము. పంపితే ఇంక అది సమ్మె ఎందుకవుతుంది? బడి మూతపడితే కదా మంత్రిగారికి తెలిసేది" అని ఆమె తన వాదమును కొనసాగించినది. "పిల్లలకి?" అని నేనడిగితిని. "పిల్లలకి పోయింది కొన్ని రోజులు. మా బడిలో భౌతికశాస్త్రం చెప్పే టీచరు దొరక్క పోయింది రెండేళ్లు. దాని గురించి ఏ పేపరూ మొదటి పేజీలో రాయలేదు."

నేను ఓడిపోవుటకు ఇష్టపడక లోస్టాఫ్ట్ సంగతి యెత్తితిని. బర్‌స్టన్‌కు తూర్పున సముద్రతీరమున నున్న ఆ పట్టణములో 1923లో పురపాలకులు ఉపాధ్యాయుల జీతములలో పదవవంతు కోసివేయ నెంచిరి. నూటయఱువదికి మించిన ఉపాధ్యాయులు ఒప్పుకొనక ఉద్యోగములు పోగొట్టుకొని, చర్చి గదులలోను సభామందిరములలోను తాత్కాలిక కేంద్రములు తెఱచి, తమను వెన్నాడి వచ్చిన సుమారు 1,600 మంది పిల్లలకు పదునొకండు నెలలు పాఠములు చెప్పిరి. తుదకు పురపాలకులే దిగివచ్చి వారిని మరల చేర్చుకొనిరి. అది జీతము కొఱకు జరిగిన పోరాటమే, పాఠమును ఆగలేదు.

"ఆ పదకొండు నెలలు వాళ్లకి తిండి ఎవరు పెట్టారు?" అని మేనకోడలు ప్రశ్నించినది. దేశములోని ఉపాధ్యాయసంఘము పోషించినదంటిని. "అదీ సంగతి. డబ్బూ, మనుషులూ వెనకుంటే పాఠం చెబుతూ పోట్లాడొచ్చు. లేనివాళ్లు తలుపు మూయక ఏం చేస్తారు?" అన్నది. నేనిక వాదింపలేదు, ఏలనన ఆమె మాట ఆ గోడమీది రాతిపలకలలోనే వ్రాసి యున్నది.

మనదేశమున చట్ట మింకను కఠినము. ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమావళి సమ్మెను నిషేధించును. 2003లో తమిళనాడున ఉద్యోగులు, ఉపాధ్యాయులు సమ్మెకు దిగగా ప్రభుత్వము ఒక్క కలము పోటుతో దాదాపు లక్షా డెబ్బదివేల మందిని తొలగించినది. ఆ తొలగింపులపై నడచిన వ్యాజ్యములో సర్వోన్నత న్యాయస్థానము, ప్రభుత్వోద్యోగికి సమ్మె చేయు హక్కు రాజ్యాంగరీత్యా గాని, చట్టరీత్యా గాని, నీతిరీత్యా గాని లేదని తీర్పు చెప్పెను. ఐక్యరాజ్యసమితి విద్యాసంస్థయు, అంతర్జాతీయ కార్మికసంస్థయు కలిసి 1966లో చేసిన సిఫారసు మాత్రము, సంప్రదింపులు విఫలమైనప్పుడు తక్కిన వృత్తులవారి సంఘములకుండు ఉపాయములు ఉపాధ్యాయసంఘములకును ఉండవలెనని చెప్పుచున్నది. చట్టము, హక్కు అను మాటలను నేను గౌరవింతును. "నీతిరీత్యా" అను మాటయొద్ద మాత్రము నా మనస్సు ఎదురు తిరుగును. వానలో తడిసిన పిల్లలకు నిప్పు రాజేసినందుకు విచారణ జరిపిన సంఘమును చూచి వచ్చినవానికి, నీతిని నిర్ణయించు అధికారము యజమాని కొక్కనికే యిచ్చుట రుచింపదు.

"మీరు సమ్మె చేశారా మావయ్యా, ఎప్పుడైనా?" అని ఆమె తిరుగుదారిలో అడిగినది.

2022 ఫిబ్రవరి 3 నాటి 'చలో విజయవాడ' సంగతి చెప్పితిని. పదునొకండవ వేతన సవరణలో ఫిట్‌మెంటు, అనగా వేతనపు పెంపు, 23 శాతమని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రకటించినది; అప్పటికే పుచ్చుకొనుచున్న మధ్యంతర భృతి 27 శాతము; ఇంటి అద్దె భత్యమును తగ్గింపబడినది. నాయకులను ఇండ్లలో నిర్బంధించి, దారులలో పోలీసులు అడ్డగించుచుండగా, కొందఱు రైతుకూలీల వేషములు వేసికొని యైనను వేలకొలది ఉద్యోగులు, ఉపాధ్యాయులు బి.ఆర్.టి.ఎస్. రోడ్డున నిండిపోయిరి. నేనును వారిలో నొకడను. ఫిబ్రవరి 6 అర్ధరాత్రి నుండి జరుగవలసిన సమ్మె, ముందునాటి రాత్రి చర్చలతో ఆగినది. ఇంటి అద్దె భత్యములో కొంత సవరణ జరిగినను ఫిట్‌మెంటు కదలలేదని ఉపాధ్యాయసంఘములు తమ అసమ్మతి తెలిపినవి.

"ఊళ్లో వాళ్లు ఏమన్నారు?"

విజయవాడనుండి తిరిగి వచ్చిన మఱునాడు బడి గుమ్మమున ఒక కూలి తల్లి నన్ను ఆపినది. "మాస్టారూ, సమ్మె అంట గదా, సోమారం బడి ఉంటదా? ఉంటే మా పిల్లకి మధ్యాన్నం అన్నం బడిలోనే. లేకపోతే పనికి పోకముందే వండి పెట్టి పోవాల" అన్నది. ఇంకను తెలియదంటిని. ఆమె కోపగించుకొనలేదు. కొంగు బిగించుకొనుచు, "మీ జీతాలు పెరగాల్సిందేలే. మా కూలి పెంచమని కూడా మీరు ఓ మాట అడగగూడదా?" అని పొలమువైపు సాగినది.

బర్‌స్టన్ కూలీలు అర్ధాకలితో నుండియు పంతుళ్ల కొఱకు జరిమానాలు ఏల కట్టిరో, కౌలుచెక్కలు ఏల పోగొట్టుకొనిరో అని అద్దపు పెట్టెల యెదుట ఆశ్చర్యపడిన వారిని ఆ పూట చాలమందిని చూచితిని. వారి కూలికై పంతులు ముందుగా ఊరూర తిరిగెను, అందుచేత. మా సంఘముల కోర్కెల పత్రములలో నేను వ్రాసిపెట్టినవే కొన్ని కలవు. కరవుభత్యము నుండి వైద్యఖర్చుల వఱకు ఇరువదికి పైబడిన అంశములుండెను గాని ఆ తల్లి అడిగిన అంశము వానిలో లేదు. ఈ మాటను మేనకోడలికి చెప్పితిని.

"అయితే ఈసారి చేర్చండి" అన్నది ఆమె, నారిచ్ రోడ్డువైపు బండి మలుపుచు. నేను రిటైరై చాలకాలమైనదని జ్ఞాపకము చేయగా, "కాగితం రాసేందుకు రిటైర్మెంట్ ఏమిటి మావయ్యా?" అన్నది.